ఆరు కలెక్టరేట్లు వచ్చాయి, జిల్లా పరిషత్తు ఎటు పోయింది?

క్లుప్తంగా: ఉమ్మడి వరంగల్ 2016 తర్వాత ముక్కలై ఇప్పుడు ఆరు జిల్లాలుగా ఉంది. ఆఫీసులు జనానికి దగ్గరయ్యాయి, కానీ జనం ఓట్లతో ఏర్పడే జిల్లా సభలు చిన్నవై ఇంకా బలహీనపడ్డాయి. పని, ఆ పని చేసే ఉద్యోగులు, దానికి కావాల్సిన పైసలు, ఈ మూడూ కలిసి దిగితేనే ఎన్నికైన సభకు అధికారం వచ్చినట్టు. 1958 నాటి తెలంగాణ ప్రాంతీయ సంఘం నుంచి 2004లో ఇంగ్లండ్ జనం వద్దన్న ప్రాంతీయ సభ దాకా తేడా కొట్టింది అక్కడే.

గేటు మీద పేరు

వరంగల్ చుట్టుపక్కల కాస్త పెద్ద ఊరు ఏదైనా సరే, హైస్కూలు గేటు మీద 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని రాసి ఉంటుంది. జడ్పీ స్కూల్ అంటేనే ఊళ్లో అందరికీ తెలుస్తుంది. మరి ఆ బడిలో లెక్కల సారు లేడనుకోండి, జిల్లా పరిషత్తు ఒక సారును పంపగలదా? పంపలేదు. పోస్టుకు ఓకే చెప్పాల్సింది ఆర్థిక శాఖ, డీఎస్సీ వేయాల్సింది విద్యాశాఖ, బదిలీ కాగితం మీద సంతకం జిల్లా విద్యాధికారి (డీఈవో)దో ఆ పై అధికారిదో, అసలు బదిలీలు ఎప్పుడు పెట్టాలో తేల్చేది హైదరాబాద్. జడ్పీకి మిగిలింది బడిలో పనిచేసే గుమస్తాలు, అటెండర్ల వ్యవహారం, టీచర్ల పీఎఫ్ ఖాతాలు. బిడ్డ పెళ్లికి పీఎఫ్ లోన్ పెట్టుకునే రోజున తప్ప ఆ సారుకు తాను జిల్లా పరిషత్ టీచర్నన్న సంగతి గుర్తు రాదు.

ఒకప్పుడు సమితులు, జిల్లా పరిషత్తులు టీచర్లను తామే వేసుకునేవి. ఆ వేసుకోవడంలో పైరవీలు లేవని కాదు, బాగానే ఉండేవి. అయినా బడికి సారు లేకపోతే ఎవరి ఇంటి ముందు కూర్చోవాలో ఊరికి తెలుసు. ఇప్పుడు అదే తెలియదు. పేరు ఉండిపోయి పని వెళ్లిపోవడం ఒక్క రోజులో జరగలేదు, ఒక్క పార్టీ చేసిందీ కాదు.

తీగ పొడుగు తగ్గింది, స్విచ్ అక్కడే ఉంది

2016 అక్టోబర్ 11న, దసరా రోజు, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33కు చేరాయి. 2011 లెక్కల ప్రకారం 35 లక్షలకు పైగా జనమున్న ఉమ్మడి వరంగల్ ఇవాళ హన్మకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు. కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ కూడా ఇలాగే విడిపోయాయి.

దీనివల్ల జరిగిన మేలును తక్కువ చేసి చూడాల్సిన పనిలేదు. ఏటూరునాగారం, మంగపేట వైపు మనిషి భూమి పంచాయితీ మీద కలెక్టర్‌కు దరఖాస్తు ఇవ్వాలంటే నూరు కిలోమీటర్లకు పైగా బస్సెక్కి హన్మకొండ రావాల్సి వచ్చేది. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరేది, సారు క్యాంపులో ఉన్నారంటే మళ్లీ ఇంకో రోజు. ఇప్పుడు ములుగు పోయి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.

కాకపోతే ఆ మనిషికి దగ్గరైంది ఆఫీసు. కలెక్టర్ ములుగులో కూర్చున్నా హన్మకొండలో కూర్చున్నా ఆయన్ను వేసేదీ తీసేదీ సచివాలయమే, జవాబు చెప్పుకునేదీ అక్కడే. దీన్ని పరిపాలనా వికేంద్రీకరణ అంటారు. అధికార వికేంద్రీకరణ వేరు. అక్కడ నిర్ణయం తీసుకునే మనిషిని కింద ఉన్న జనమే ఎన్నుకుంటారు, నచ్చకపోతే దించేస్తారు. టీవీ చర్చల్లో ఈ రెండింటినీ ఒకే సంచిలో వేసి మాట్లాడుతుంటారు, తికమక అక్కడే మొదలవుతుంది. 2016లో తీగ పొడుగు తగ్గింది, స్విచ్ మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇంకో విషయం అంతగా చర్చకు రాలేదు. ఉమ్మడి జిల్లాలో ఒకే జడ్పీ, అందులో యాభై మంది దాకా జడ్పీటీసీలు, అంటే మండలానికొకరు చొప్పున జనం ఎన్నుకునే జడ్పీ సభ్యులు. ఆ సభకు చైర్మన్ అంటే మంత్రి కూడా ఫోన్ ఎత్తాల్సిన మనిషి. ఇప్పుడు జడ్పీలు ఆరు. 2019లో ములుగులో మండలాలు 9, వాటిలో మంగపేటకు కోర్టు వివాదం వల్ల ఎన్నికే జరగలేదు, అంటే గెలిచి వచ్చిన జడ్పీటీసీలు 8 మంది. ఐదుగురు ఒకవైపు ఉంటే జిల్లా పరిషత్తు చేతిలోకి వచ్చినట్టే. పాత రోజుల్లో చైర్మన్ ఎన్నికంటే సభ్యులను బస్సుల్లో క్యాంపుకు తోలేవాళ్లు, ఈ లెక్కన ఒక్క ఇన్నోవా చాలు. ఆ ఏడాది రాష్ట్రంలోని 32 జడ్పీ పీఠాలూ అప్పటి అధికార పార్టీకే దక్కాయి. జనం మద్దతు ఉంది నిజమే, సభ చిన్నదైనకొద్దీ దాన్ని ఎటైనా తిప్పడం తేలికవడమూ నిజమే.

కొత్త గీతలకు పాత నియోజకవర్గాలు సరిపోలేదు కూడా. పాలకుర్తి నియోజకవర్గం చూడండి. పాలకుర్తి, దేవరుప్పుల, కొడకండ్ల జనగామ జిల్లాలో ఉన్నాయి, రాయపర్తి వరంగల్ జిల్లాలో, తొర్రూరు మహబూబాబాద్‌లో. ఒక ఎమ్మెల్యేకు ముగ్గురు కలెక్టర్లు, మూడు జడ్పీలు. వరంగల్ నగరానిది ఇంకో రకం కథ. మేయర్ ఒక్కరే, డివిజన్లు 66, కానీ 2021లో పేర్లు, హద్దులు మార్చాక హన్మకొండ, కాజీపేట ఒక జిల్లాలో, వరంగల్, ఖిలా వరంగల్ ఇంకో జిల్లాలో పడ్డాయి. వాన కొట్టి కాలనీల్లోకి నీళ్లొస్తే నాలాకు ఆ ఒడ్డున ఒక కలెక్టర్, ఈ ఒడ్డున ఇంకో కలెక్టర్. నగరాభివృద్ధి ప్లాన్ మళ్లీ వేరే సంస్థ చేతిలో, అది 'కుడా' (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ). దాని చైర్మన్‌ను జనం ఎన్నుకోరు, సర్కారు నామినేట్ చేస్తుంది.

తెలంగాణకు ఒక ప్రాంతీయ సభ ఉండేది

ఎన్నికైన ప్రాంతీయ సభ అనే ఆలోచన ఇక్కడికి కొత్తేమీ కాదు. ఇప్పటి కుర్రాళ్లలో చాలామందికి దాని పేరు తెలియదు, అంతే.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు ఒక ప్రాంతీయ మండలి ఉండాలని రాసుకున్నారు. రాష్ట్రం ఏర్పడి అది చట్టం రూపం దాల్చేసరికి మండలి కాస్తా శాసనసభలో ఒక సంఘంగా మారింది. రాజ్యాంగం 371వ అధికరణం కింద 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చిన తెలంగాణ ప్రాంతీయ సంఘం అదే. ఈ ప్రాంత ఎమ్మెల్యేలంతా అందులో సభ్యులు. స్థానిక పాలన, ప్రాథమిక, సెకండరీ విద్య, వైద్యం, వ్యవసాయం, సహకార సంఘాలు, వ్యవసాయ భూముల అమ్మకాలు, ఇలాంటి వాటి మీద బిల్లు వస్తే ముందు ఈ సంఘం చూడాలి. సంఘం చెప్పిన మాటను మామూలుగా ప్రభుత్వం ఒప్పుకోవాలి, తేడా వస్తే గవర్నర్ చెప్పిందే చివరి మాట.

కాగితం మీద చదివితే గట్టిదే అనిపిస్తుంది. లోపం ఎక్కడంటే, ఈ సంఘానికి సొంత ఖజానా లేదు, దాని కింద పనిచేసే అధికారులు లేరు, అమలు చేసే మంత్రివర్గం లేదు. చట్టాన్ని ఆపమని చెప్పగలదు కానీ ఒక చెరువు కట్టకు మట్టి పోయించలేదు. తెలంగాణ మిగులు నిధులను తెలంగాణలోనే ఖర్చు పెట్టాలన్నది ఒప్పందంలో పెద్ద షరతు. అది అమలైందో లేదో తేల్చడానికి 1969 ఉద్యమం దాకా ఆగాల్సి వచ్చింది. కుమార్ లలిత్ కమిటీ మిగులు రూ.34.10 కోట్లు అంది, తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ రూ.28.34 కోట్లు అంది. రెండింటిలో ఏది సరైందన్న వాదన అట్లా ఉండనీ, పన్నెండేళ్ల పాటు ఆ పైసలు ఎటు పోతున్నాయో చూసి ఆపగలిగే చేయి ప్రాంతీయ సంఘానికి లేదన్నది మాత్రం ఈ రెండు లెక్కలతోనూ తేలిపోయింది.

ముల్కీ (ఉద్యోగాల్లో స్థానికుల హక్కు) గొడవ, జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973 సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. అందులో భాగంగా ప్రాంతీయ సంఘాన్ని ఎత్తేశారు. దాని బదులు వచ్చిన 371-డి కింద జోన్లు, లోకల్ కేడర్లు ఏర్పడ్డాయి. అంటే తెలంగాణకు మాట్లాడే సభ పోయి ఉద్యోగాల్లో వాటా మిగిలింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల ప్రాంతీయ రాజకీయమంతా ఆ వాటా లెక్క చుట్టూ తిరగడానికి ఇదొక కారణం. మాట్లాడుకునే వేదిక లేనప్పుడు లెక్క తేల్చుకోవడానికి ఇక కోర్టు, రోడ్డు మాత్రమే మిగులుతాయి.

చైర్మన్‌కు ఊళ్లన్నీ ఓటేసిన ఎన్నిక

పంచాయతీరాజ్ సంగతికొస్తే, బల్వంతరాయ్ మెహతా కమిటీ చెప్పిన మూడంచెల పద్ధతిని దేశంలో అందరికన్నా ముందు మొదలెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1959లో షాద్‌నగర్ వచ్చి నెహ్రూ ప్రారంభించారు. ఊరికి పంచాయతీ, బ్లాకుకు సమితి, జిల్లాకు పరిషత్తు. సమితి ప్రెసిడెంట్ అంటే ఆ రోజుల్లో తాలూకా రాజకీయానికి ఇరుసు. ఎరువులు, బావి లోన్లు, బడి, రోడ్డు, అన్నీ ఆయన వాకిలి దాటే రావాలి. ఆ వాకిళ్లు ఎక్కువగా దొరల, పెద్ద రైతుల ఇళ్లవే కావడం ఆ వ్యవస్థకున్న మచ్చ. పాత సమితులను తలుచుకుని అంతా బంగారం అనుకునేవాళ్లు ఈ ముక్కను మరిచిపోతుంటారు.

ఎన్టీఆర్ ప్రభుత్వం సమితులను తీసేసి మండలాలు తెచ్చింది. మూడు వందలకు పైగా ఉన్న సమితుల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. 1987లో జరిగిన ఎన్నికల్లో మండల అధ్యక్షుడికీ, జిల్లా పరిషత్ చైర్మన్‌కూ జనం నేరుగా ఓటేశారు. ఇది మామూలు మార్పు కాదు. మున్సిపాలిటీలు పోను జిల్లాలోని ఊళ్లన్నీ కలిసి ఒక మనిషిని ఎన్నుకుంటే ఆయన వెనక ఉండే ఓట్లు ఒక ఎంపీకి పడే ఓట్లకు తక్కువేం కావు. అప్పట్లో ఉమ్మడి వరంగల్‌లో వరంగల్, హన్మకొండ అని రెండు లోక్‌సభ స్థానాలు ఉండేవి, జడ్పీ చైర్మన్ సీటు మాత్రం ఒక్కటే.

ఎమ్మెల్యేకు ఇది ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తన నియోజకవర్గంలో రోడ్డు తానే వేయించానని చెప్పుకోవాలి, అదే రోడ్డు మీద తనకన్నా పదింతలు ఓట్లు తెచ్చుకున్న ఇంకొకరు కొబ్బరికాయ కొడతానంటారు. 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ఈ పోటీ పోయింది. చైర్మన్‌ను జడ్పీటీసీలు, మండల అధ్యక్షుడిని ఎంపీటీసీలు (మండల పరిషత్తు సభ్యులు) ఎన్నుకునే పద్ధతి వచ్చింది, 73వ రాజ్యాంగ సవరణే దీన్ని తప్పనిసరి చేసింది. సర్పంచ్‌కు ఇప్పటికీ నేరు ఓటే. కింద ఊళ్లో సర్పంచ్, పైన ఎమ్మెల్యే, ఈ ఇద్దరికే జనంతో సూటి సంబంధం. మధ్యనున్న రెండంచెలు వేలాడుతున్నాయి. 2018లో వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కూడా దీన్ని అలాగే ఉంచింది.

"ఇవ్వవచ్చు" అనే మాట దగ్గర

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. ఐదేళ్లకోసారి ఎన్నిక, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్, రాష్ట్ర ఎన్నికల సంఘం, రాష్ట్ర ఆర్థిక సంఘం, ఇవన్నీ తప్పనిసరి చేసింది. పదకొండో షెడ్యూల్‌లో 29 అంశాల జాబితా పెట్టింది. వ్యవసాయం, చిన్ననీటి వనరులు, తాగునీరు, రోడ్లు, విద్య, వైద్యం అన్నీ అందులో ఉన్నాయి. కానీ 243-జి అధికరణం దగ్గరకొచ్చేసరికి ఆ పనులను పంచాయతీలకు రాష్ట్ర శాసనసభ "ఇవ్వవచ్చు" అంది, "ఇవ్వాలి" అనలేదు. ఎన్నిక పెట్టడం తప్పనిసరి, పని అప్పగించడం ఇష్టం. దాదాపు కథంతా ఆ ఒక్క క్రియాపదంలోనే ఉంది.

ఉదాహరణకు చెరువు. కాకతీయుల నాడు తవ్విన పాకాల, రామప్ప, లక్నవరం లాంటివి వదిలేయండి, ప్రతి ఊరికీ ఉండే చిన్న చెరువు, కుంట సంగతి చూద్దాం. చిన్ననీటి వనరులు 29 అంశాల్లో ఉన్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలనుకున్నారు. చాలాచోట్ల పూడిక తీశారు, ఆ మట్టి పొలాలకు చేరింది, పంటకూ పనికొచ్చింది. అంచనా వేసింది, టెండర్ పిలిచింది, బిల్లు చెల్లించింది మాత్రం నీటిపారుదల శాఖ. తూము ఏ ఎత్తులో ఉండాలి, మత్తడి ఎటు పోవాలి అనేది ఊరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, అయినా ఊరి సభ తీర్మానం కట్టుబడేది కాదు. తాగునీటిదీ అదే దారి. మిషన్ భగీరథ పైపు ఇంటి ముందు దాకా వచ్చింది, దాని ఇంజినీర్లు రాష్ట్ర ఉద్యోగులు.

జడ్పీ సర్వసభ్య సమావేశంలో దీని ఫలితం కళ్లముందు కనిపిస్తుంది. వేదిక మీద చైర్మన్, కలెక్టర్, సీఈవో, ఎమ్మెల్యేలు. కింద జడ్పీటీసీలు, ఎంపీపీలు (మండల అధ్యక్షులు). వెనక వరసల్లో ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని శాఖల అధికారులు. ఒక జడ్పీటీసీ లేచి "ట్యాంకుకు నీళ్లు ఎక్కుతున్నయి, తండాకు వస్తలేవు, మూడు మీటింగుల నుంచి చెప్తున్న" అంటారు. అధికారి లేచి నిలబడి "నోట్ చేసుకున్నాం సార్" అంటాడు. తర్వాతి అంశం ట్రాన్స్‌ఫార్మర్లు. ఆ అధికారి జీతం, బదిలీ, ప్రమోషన్ ఏదీ ఈ సభ చేతిలో ఉండదు కాబట్టి నోట్ చేసుకోవడం దగ్గరే ఆయన బాధ్యత ఆగిపోతుంది. ఇందులో ఆయన తప్పేమీ లేదు, వ్యవస్థ కట్టిందే అలా.

ఇక పైసలు. 2015 నుంచి 2020 దాకా 14వ ఆర్థిక సంఘం గ్రాంటు గ్రామ పంచాయతీలకు మాత్రమే ఇచ్చింది, మండల, జిల్లా పరిషత్తులను పక్కన పెట్టేసింది. అప్పటికే పెద్దగా పని లేని జడ్పీలు ఆ ఐదేళ్లలో పూర్తిగా ఎండిపోయాయి. 15వ ఆర్థిక సంఘం మళ్లీ మూడంచెలకూ ఇచ్చింది, ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని ముడి వేసింది.

గ్రాంటు ఊరి ఖాతాలో పడ్డా ఊరి చేతికి వచ్చినట్టు కాదు. పంచాయతీ చెక్కు సబ్ ట్రెజరీకి పోవాలి, అక్కడ టోకెన్ నంబర్ ఇస్తారు. ఆ టోకెన్ ఎప్పుడు పాసవుతుందో చెప్పగలిగే మనిషి మండలంలో ఉండడు. "ఫ్రీజింగ్‌లో ఉంది" అనే మాట తెలంగాణ సర్పంచులందరికీ కంఠతా వచ్చు. మోరీ పని అయిపోయి, సిమెంటు షాపు వాడు ఇంటికొచ్చి కూర్చుంటే సర్పంచ్ వడ్డీకి తెచ్చి కట్టాల్సి వచ్చిన ఊళ్లు ఒకటీ రెండూ కాదు.

ఇంతకన్నా బాగా అర్థమవ్వాలంటే ట్రాక్టర్ కథ చూడాలి. 2018లో అయిదొందల జనాభా దాటిన తండాలు, గూడేలను కూడా పంచాయతీలు చేయడంతో వాటి సంఖ్య 12,700 దాటింది. లంబాడా తండాలకు అదొక పెద్ద గెలుపు, తమ వార్డును పట్టించుకోని పక్క ఊరి సర్పంచ్ పోయి తమ మనిషే సర్పంచ్ అయ్యారు. తర్వాత పల్లె ప్రగతిలో ప్రతి పంచాయతీకీ ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక) అన్నారు. ఊళ్లు శుభ్రపడ్డాయి, అందులో అబద్ధం లేదు. కానీ నూటయాభై ఇళ్ల తండాకు ట్రాక్టర్ కావాలా, లేక మూడు తండాలు కలిసి ఒకటి పెట్టుకుంటే సరిపోతుందా అని ఆ తండాను ఎవరూ అడగలేదు. కొన్నాక కిస్తీ, డీజిల్, డ్రైవర్ జీతం పంచాయతీ ఖాతా నుంచే కట్టాలి. నిర్ణయం పైన, బిల్లు కింద. అదే చట్టంలో సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఉంది. ఓటేసిన ఊరికన్నా ఓటు లేని అధికారికి సర్పంచ్ ఎక్కువ భయపడాల్సి రావడం అక్కడి నుంచే.

ఊళ్లో ఎన్నిక లేకుండా వచ్చే కమిటీలు ఇంకో పొర. 2017లో రైతు సమన్వయ సమితులు, 2024లో ఇందిరమ్మ కమిటీలు, రెండూ నామినేషన్ మీదే ఏర్పడ్డాయి. పార్టీ మారింది, అలవాటు మారలేదు.

బయట ఎలా జరిగింది

కర్ణాటకలో 1987లో అప్పటి పంచాయతీరాజ్ మంత్రి నజీర్ సాబ్ చొరవతో వచ్చిన జిల్లా పరిషత్తులకు అధ్యక్షుడంటే సహాయ మంత్రి హోదా. పరిషత్తు ముఖ్య కార్యదర్శిగా కలెక్టర్ కన్నా సీనియర్ ఐఏఎస్‌ను వేశారు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఇదే అసలు మెలిక. సీనియర్ అధికారి ఎవరి కింద పనిచేస్తున్నాడో చూసి మిగతా శాఖలు అటు తిరుగుతాయి. సర్కారు మారాక అక్కడా ఆ ఊపు తగ్గిపోయింది.

కేరళ 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామని ముందే ప్రకటించింది. అంతకుముందే అందరూ అన్న మాట, ముందు సామర్థ్యం పెంచుదాం, ఆ తర్వాత పైసలిద్దాం అని. కేరళ దాన్ని తిరగేసింది. పైసలు ముందు వచ్చి పడితే వాటిని ఖర్చు పెట్టడం నేర్చుకోక తప్పదు కదా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గ్రామ పంచాయతీకి, జిల్లా ఆసుపత్రి జిల్లా పంచాయతీకి అప్పగించారు, అక్కడ ఇప్పటికీ అది నిలబడి ఉంది.

బ్రిటన్ అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. 1997 రెఫరెండంలో స్కాట్లండ్‌లో పార్లమెంటుకు దాదాపు 74 శాతం అవునన్నారు. అది చట్టాలు చేసే సభ, ఆదాయపు పన్నును కొంత పెంచుకునే, తగ్గించుకునే వీలుకు కూడా జనం విడిగా ఓటేసి ఒప్పుకున్నారు. అదే ఏడాది వేల్స్‌లో తక్కువ అధికారాలున్న సభను పెట్టారు, జనం 50.3 శాతంతో, 6,721 ఓట్ల తేడాతో అతికష్టం మీద ఒప్పుకున్నారు. 2004 నవంబర్‌లో ఈశాన్య ఇంగ్లండ్‌కు 25 మంది సభ్యుల ప్రాంతీయ సభ ఇస్తామని అడిగితే 78 శాతం వద్దన్నారు. చట్టం చేసే వీలు లేదు, స్కాట్లండ్‌లా పన్ను అధికారం లేదు, సలహాలు, కొద్దిపాటి నిధులు మాత్రమే. వ్యతిరేక ప్రచారం వాళ్లు గాలి నింపిన పెద్ద తెల్ల ఏనుగు బొమ్మను ఊళ్లు తిప్పారు. జీతాలు తిని ఊరికే ఉండే సభ అని చెప్పడానికి ఆ బొమ్మ చాలింది.

ఈ మూడు ఓట్లను పక్కపక్కన పెడితే ఒక సంగతి తెలుస్తుంది. అధికారం ఎక్కువ ఇస్తామన్నచోట మద్దతు ఎక్కువ, తక్కువ ఇస్తామన్నచోట తక్కువ. స్కాట్లండ్‌కు పాత జాతి గుర్తింపు ఉంది కాబట్టి అదొక్కటే కారణమని అనలేం. అయినా జడ్పీటీసీ ఎన్నికంటే ఊళ్లో "గెలిచి ఏం చేస్తడు" అని పెదవి విరవడానికీ, ఇంగ్లండ్‌లో ఆ ఏనుగుకూ పెద్ద తేడా లేదు.

ఏజెన్సీలో

ములుగు, ఆసిఫాబాద్ వైపు అడవి ఊళ్లకు వేరే చట్టం ఉంది. 1996 నాటి పెసా (పంచాయతీరాజ్‌ను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన చట్టం) ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకు అటవీ ఉత్పత్తుల మీద, చిన్న తరహా ఖనిజాల మీద మాట చెల్లుతుంది. చట్టం చదివితే మైదానం ఊరికన్నా గూడేనికే ఎక్కువ అధికారం. గోదావరి ఇసుక రీచ్‌ల దగ్గర ఆ అధికారం ఎలా ఉందో చూడొచ్చు. పేరు గిరిజన సొసైటీది, లారీలు, యంత్రాలు ఇంకెవరివో అన్న ఫిర్యాదు అక్కడ పాతదే. ఏజెన్సీ అభివృద్ధి అంతా ఏటూరునాగారం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) చేతిలో, దాని ప్రాజెక్టు అధికారిని వేసేది కూడా సర్కారే. మేడారం జాతరకు రెండేళ్లకోసారి కోట్ల నిధులు వస్తాయి, మంత్రుల సమీక్షలు జరుగుతాయి. తాడ్వాయి మండల పరిషత్తు ఆ సమీక్షల్లో ఎక్కడ కూర్చుంటుందో వెతుక్కోవాలి.

ఎన్నికే ఆగిపోతే

పనీ పైసా సంగతి తర్వాత, ఎన్నికైనా సమయానికి జరుగుతోందా అంటే అదీ లేదు. గడువు ముగియకముందే ఎన్నిక జరగాలని రాజ్యాంగం 243-ఇ అధికరణం చెబుతోంది. తెలంగాణ ఊళ్లలో 2011లో పాలకవర్గాల గడువు ముగిస్తే 2013లో ఎన్నికలు జరిగాయి. 2018 ఆగస్టులో ముగిస్తే 2019 జనవరిలో. 2024 ఫిబ్రవరి 1 నుంచి సర్పంచులు లేరు, ఆ జూలైలో మండల, జిల్లా పరిషత్తుల గడువూ అయిపోయింది. స్పెషలాఫీసర్లు వచ్చారు. ఒక్కో అధికారికి నాలుగైదు ఊళ్లు, సొంత శాఖ పని ఎలాగూ ఉంటుంది, ఊరికి వారానికోసారి కనిపిస్తే గొప్ప.

ఈసారి ఆలస్యానికి ముఖ్య కారణం బీసీ రిజర్వేషన్. స్థానిక సంస్థల్లో మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటొద్దని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది, బీసీ కోటాకు ముందు వెనుకబాటు లెక్కలు తీయాలని 2021లో ఇంకోసారి స్పష్టం చేసింది. రాష్ట్రం 2025 సెప్టెంబర్‌లో 42 శాతం బీసీ కోటాకు జీవో ఇచ్చింది, అక్టోబర్‌లో హైకోర్టు ఆపింది. చివరికి 50 శాతం లోపలే డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో సర్పంచ్ ఎన్నికలు జరిపారు. పరిషత్తుల ఎన్నికను ఆ తర్వాతకు వదిలేశారు. జనాభాలో సగానికి పైగా ఉన్న వర్గం తన వాటా అడగడం న్యాయమే, కోర్టు గీసిన గీతా ఉంది, ఈ రెండింటి మధ్య దాదాపు రెండేళ్లు ఊరికి ప్రతినిధి లేకుండా పోయాడు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు కూడా ఆగుతుంది కాబట్టి నష్టం రెండింతలైంది.

అసలు విషయం ఏంటంటే, 2024 జూలై తర్వాత జడ్పీ లేని కాలంలో కూడా రోజువారీ పాలనలో ఏదీ ఆగలేదు. పింఛన్లు వచ్చాయి, బడులు నడిచాయి, వడ్లు కొన్నారు. అది వ్యవస్థ బలంగా ఉందనడానికి గుర్తుగా చూపిస్తారు అధికారులు. ఒక సభ లేని లోటే తెలియలేదంటే ఉన్నప్పుడు దాని చేతిలో ఏముందన్న ప్రశ్న కూడా అక్కడే వస్తుంది.

ఇక ముందు

దగ్గరి కాలంలో జరగడానికి వీలున్నవి కొన్ని. నియోజకవర్గాల పునర్విభజన జరిగినప్పుడు కొత్త జిల్లా గీతలు, అసెంబ్లీ సీట్ల గీతలు దగ్గరికొస్తే పాలకుర్తి లాంటి చోట్ల గందరగోళం తగ్గుతుంది, కానీ ఒక జిల్లాకు ఇద్దరు ముగ్గురు ఎమ్మెల్యేలే ఉంటే జడ్పీని పూర్తిగా వాళ్లే నడిపే వీలు పెరుగుతుంది. జిల్లాలను తగ్గించాలన్న చర్చ అప్పుడప్పుడు లేస్తుంది. దగ్గరికొచ్చిన కలెక్టరేట్‌ను వదులుకోవడానికి ములుగు, జనగామ జనం ఒప్పుకోవడం కష్టం. ఆ జిల్లా కోసం జనగామలో జరిగిన ఆందోళనలు ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

జిల్లాలను అలాగే ఉంచి పరిషత్తును మాత్రం ఉమ్మడి జిల్లా స్థాయిలో ఒకటే పెట్టడం మూడో దారి. ములుగుకు, మహబూబాబాద్‌కు విడివిడిగా లేని బేరమాడే శక్తి అప్పుడు వస్తుంది. దానికి అడ్డం ఉంది. రాజ్యాంగం పంచాయతీల పై అంచెను జిల్లాతో ముడిపెట్టింది, కాబట్టి జిల్లా అంటే ఏమిటన్న దగ్గరి నుంచి మార్చాలి. అంతకన్నా పెద్ద అడ్డం పన్నెండు మంది ఎమ్మెల్యేలు. ఉమ్మడి వరంగల్‌లో ఉన్న అసెంబ్లీ సీట్లు 12, ఆ పన్నెండు మందికీ పైన ఇంకో నాయకుడిని తయారుచేసే చట్టానికి చేయి ఎత్తాల్సింది కూడా వాళ్లే. 1994లో చైర్మన్‌కు జనం ఓటు తీసేసిన చట్టానికి, రాజ్యాంగ సవరణ ప్రకారమే అయినా, చేతులెత్తింది ఇలాంటి ఎమ్మెల్యేలే.